స్వామి జ్ఞానానంద

గోదావరి మండలమున పండు ధాన్యమును దేశమంతయు నెరుగును. ఈ నేలనే పుట్టిన ఒక మహావిజ్ఞానిని మాత్రము మండలవాసులే మరచుచున్నారు. భీమవరము చెంతనున్న గొరగనమూడి గ్రామమున 1896 లో జన్మించిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగారే స్వామి జ్ఞానానంద యను పేర ప్రసిద్ధిగాంచిన భౌతికశాస్త్రవేత్త.

యౌవనమున ఇల్లు విడిచి, హిమాలయములలో యోగసాధన గావించి, పిదప వారు జర్మనీ దేశమున కేగిరి. ఐన్‌స్టీన్ పండితుని సాపేక్షతా సిద్ధాంతము వారి మనస్సు నాకర్షించెను. ముప్పదియేండ్లు దాటిన సన్న్యాసి మరల విద్యార్థి యయ్యెను. ప్రేగ్ నగరమందలి చార్లెస్ విశ్వవిద్యాలయమున ఎక్స్ కిరణములను పరిశోధించి డాక్టరు పట్టమందిరి. పిమ్మట లివర్‌పూల్ నగరమున, 1932 లో న్యూట్రానును కనుగొనిన చాడ్విక్ పండితుని యొద్ద బీటా కిరణములపై కృషిచేసిరి.

ఆ కృషి యెట్టిదో తెలియవలెను. పరమాణు కేంద్రకమునుండి వెలువడు ఎలక్ట్రానులే బీటా కిరణములు. వాని శక్తి ఒక్క తీరున నుండకపోవుట శాస్త్రజ్ఞులను కలవరపెట్టెను. అందులకు సమాధానముగా 1930 లో పౌలీ పండితుడు కంటి కగపడని మరియొక కణము నూహించెను. సిద్ధాంతకర్త యూహకు ప్రయోగశాలలోని కొలతయే సాక్ష్యము. ఆ కొలతకు గాలి యడ్డు రాకూడదు. పాత్రనుండి గాలిని తొలగించి శూన్యమును కల్పించు విద్యపై స్వామివారు రచించిన ఆంగ్ల గ్రంథము 1947 లో వెలువడెను. స్వదేశమునకు మరలి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున కేంద్రక భౌతికశాస్త్ర శాఖను తీర్చిదిద్ది, 1969 లో వారు పరమపదించిరి. అచ్చటి పరిశోధనాలయము నేడును వారి పేర నున్నది.

ఇట్టి శాస్త్రము కూడు పెట్టునా యని మనలో పెక్కురు ప్రశ్నింతురు. 1852 లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట చలువను మూడు తరములకు మించి అన్నము తినుచున్నవారు అడుగదగిన ప్రశ్న కాదిది. నీటి వేగమును, ఒత్తిడిని లెక్కించు శాస్త్రము ముందు పుట్టినది. కాలువలు పిదప పారినవి. మూలశాస్త్రమును విడిచి, వెంటనే జీతము తెచ్చు చదువునకే బిడ్డలను తరుముట విత్తనపు వడ్లను వండుకొని తినుటయే.

మనవారు దేవాలయములకును, వివాహములకును ధారాళముగ వ్యయము చేయుదురు. తమ గ్రామమందలి ఉన్నత పాఠశాలలో ప్రయోగశాల తలుపు నెలకెన్ని మారులు తెరువబడుచున్నదో వారొకపరి విచారింతురు గాక. ప్రతి ప్రాంతమునను ఒక పాఠశాలకు మంచి పరికరములు, శాస్త్రపఠనము కోరు ఒక పేద విద్యార్థికి స్వామివారి పేర వేతనము సమకూర్చుట మన రైతు పెద్దలకు మించిన భారము కాదు. ఈ యేటి పంట యిల్లు చేరునప్పుడే ఆ పని ప్రారంభింపవలెనని మా విన్నపము.