పోటువేళ రాతితీరము

విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు పోవు త్రోవలో, తొట్లకొండ సమీపమున మంగమారిపేటయొద్ద అలలు తొలిచిన సహజశిలాతోరణమును చూడవచ్చు జనులు, ఆటువేళ బయల్పడిన బండలపై నిశ్చింతగా నడచిపోవుదురు గాని, మరలివచ్చునప్పటికి ఆ దారియే నీటిపాలు కావచ్చునని తలపోయువారు అరుదు. మన తీరమున దినమునకు సాధారణముగా రెండుమారులు పోటును, రెండుమారులు ఆటును సంభవించును. ఒక పోటునకు మఱుసటి పోటునకు నడుమ సుమారు 12 గంటల 25 నిమిషములు గడచుటచే, ఆ వేళ దినదినము దాదాపు 50 నిమిషములు ఆలస్యమగుచుండును గనుక, మొన్నటి అనుభవము నేటికి ప్రమాణము కాజాలదు. అమావాస్యా పూర్ణిమల సమీపమున పోటు మఱింత హెచ్చును. పచ్చని నాచు పట్టిన బండ తడిసినచో పాదము నిలువదు. పట్టుకొనబోయిన చేతిని బండకంటిన చిప్పల అంచులు చీల్చును.

కావున నీరు తీయుచుండగనే బయలుదేరి, అది మరల పెరుగనారంభించుటకు మున్నే ఒడ్డు చేరవలెను. ఛాయాచిత్రముకొఱకైనను సముద్రమునకు వెన్ను చూపరాదు. వేళ యెఱుగనివారు అచటి జాలరుల నడిగి తెలిసికొనుట మేలు. వారికన్న ఆ నీటినెఱిగినవారు వేఱొకరు లేరు. ఏనాటి పోటువేళలను ఆనాడు తెలుగున వ్రాసి అట్టి తావులందు ఒక పలక నిలుపుట అధికారులకు భారము కాదు. ఆ పని జాప్యము లేక జరుగవలెనని మేము కోరుచున్నాము.