మంచు చూడని ఊళ్లో తెల్ల నక్క

సంక్రాంతికి జక్రాన్‌పల్లి వెళ్తే మా అక్క కూతురు సైన్స్ నోట్సు తెచ్చి ముందు పెట్టింది. ఎండాకాలంలో గోధుమ రంగులో ఉండే ఆర్కిటిక్ నక్క చలికాలంలో ఎందుకు తెల్లబడుతుందో రాయాలట. "చలికి" అని చెప్పేశాను. పక్కనున్న తమ్ముడు ఊరుకుంటాడా? "మరి మనకు చలి పెడ్తలేదా మామా? మనమెందుకు తెల్లగైతలేం?" కోడ్ రివ్యూలో కూడా నన్నింత తొందరగా ఎవరూ పట్టుకోలేదు.

ఫోన్‌లో వెతికి చదివితే నాదే తప్పని తేలింది. నక్క ఒళ్లు లెక్కపెట్టేది చలిని కాదు, పొద్దును. పగటి పొడవు తగ్గేకొద్దీ మెలటోనిన్ లాంటి హార్మోన్లు మారతాయి, పాత బొచ్చు రాలి తెల్లది మొలుస్తుంది. చెప్పాను కానీ, మంచంటే ఫ్రిజ్‌లో గడ్డ అనుకునే పిల్లలకు ఎంత ఎక్కుతుంది?

సాయంత్రం ఇద్దరినీ చేనుకు తీసుకెళ్లా. పసుపు ఆకు ఎండి పడి ఉంది. ఒక ఆకు ఎగిరింది! కాదు, సీతాకోకచిలుక. ఇంగ్లిషులో ఈవినింగ్ బ్రౌన్ అంటారు. పగలంతా ఎండుటాకుల్లో కదలకుండా ఉండి పొద్దుగూకాక తిరుగుతుంది. దీని గొంగళిపురుగు తినేది వరి ఆకు, గడ్డి. అందుకే మన వైపు ఎక్కువ. మళ్లీ వాలింది. ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తే గానీ పిల్లలకు కనపడలేదు.

వానాకాలంలో పుట్టిన వాటికి రెక్కల కింద గుండ్రటి కంటిమచ్చలు బాగా కనిపిస్తాయి. ఎండురోజుల్లో పుట్టిన వాటికి ఆ మచ్చలు దాదాపు మాయం, అచ్చం ఎండుటాకే. అయితే నక్కలా ఉన్నదే రంగు మార్చుకోదు. గొంగళిపురుగుగా ఉన్నప్పటి వేడి, తేమను బట్టి రాబోయే రెక్కల రూపు ఖాయమవుతుంది. మీ పిల్లలకు చూపించాలంటే చీకటి పడే వేళ వరి గట్ల మీదికి తీసుకెళ్లండి.

తిరిగొస్తుంటే అమ్మాయి అడిగింది: "మంచు పడకుంటె ఎట్ల మామా? తెల్లగున్నది దొరికిపోతది కదా?"

దొరికిపోతుంది. అమెరికాలోని మోంటానాలో స్నోషూ కుందేళ్లకు రేడియో కాలర్లు కట్టి చూశారు. మంచు ఆలస్యమైనా పొద్దు లెక్క ప్రకారం అవి తెల్లబడిపోతాయి. మట్టి మీద తెల్లగా మెరిసిన కుందేళ్లే ఎక్కువ చచ్చిపోయాయని 2016లో రాశారు. ఇది విన్నాక పిల్లలు ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు.

రాత్రి నోట్సులో "చలికి" కొట్టేసి "పొద్దుకు" అని రాసింది. "గైడ్‌ల చలికి అనే ఉంది. మేడమ్ తప్పు పెడ్తె?"

పెడితే నాకు ఫోన్ చెయ్యమన్నాను. బళ్లు తెరిచి వారమైంది, ఇంకా ఫోన్ రాలేదు.