మంచు లేని ఊళ్లో మంచుపలకలు

మాదాపూర్ నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఈ నెల మమ్మల్ని చాలాసేపు ఆలోచింపజేసింది. ఆమె కుమారునికి 24 ఏళ్లు. రాయదుర్గంలోని ఒక సంస్థలో ప్రోగ్రాములు రాస్తాడు. పోయిన చలికాలం మిత్రులతో గుల్మర్గ్ వెళ్లి, అద్దె స్కీలు కట్టుకొని నాలుగు రోజులు మంచులో జారి, పడి, లేచి వచ్చాడు. ఇప్పుడు తన స్కీలను తానే తయారు చేసుకుంటానంటున్నాడు. బాల్కనీ నిండా చెక్కపట్టీలు, రెజిన్ డబ్బాలు. వాసన వస్తున్నదని పై అంతస్తువారు ఇప్పటికే రెండుసార్లు తలుపు తట్టారు. తల్లికి అసలు బెంగ అది కాదు. తండ్రి కొడుకుతో మాట్లాడటం మానేశారు. ఆయన తండ్రిగారు వడ్రంగి మేస్త్రి. “రంపం పట్టకూడదనే కదా వాణ్ని ఇంత చదివించింది” అన్నది ఆయన ఆవేదన. ఇది దుబారా కాదా, వారించమంటారా అని ఆమె అడుగుతున్నారు.

ముందు ఆ వస్తువును గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. స్కీలంటే ఐరోపావారి విలాసమని మనలో చాలామంది అనుకుంటారు. మన చరిత్రకారులకు ఇవి ఏనాడో తెలుసు. హమదాన్‌లో జన్మించి, ఇల్‌ఖానుల కొలువులో వజీరుగా పనిచేసిన రషీదుద్దీన్ 14వ శతాబ్దం ఆరంభంలో పారశీకంలో రాసిన ‘జామివుత్తవారీఖ్’లో ఒక అటవీ జాతి ప్రస్తావన ఉన్నది. వారు పలకలు చేసుకొని వాటిపై నిలబడతారని, చేతికర్రతో మంచును నెడుతూ నీటిలో పడవ సాగినట్లు సాగిపోతారని, జంతువులను అలాగే తరిమి పట్టుకుంటారని ఆయన వర్ణించారు. అక్కడ అవి ఆటవస్తువులు కావు, కూడు పెట్టే పనిముట్లు.

నేటి స్కీ లోపల కూడా చెక్కే ఉంటుంది, కాకపోతే అది ఒకే దుంగ కాదు. సన్నని పట్టీలను పక్కపక్కన నిలబెట్టి జిగురుతో అతికించి నడిమి చెక్కను తయారు చేస్తారు. పాప్లార్, యాష్, మేపుల్, వెదురు ఇందుకు వాడతారు. ఆ చెక్కను పాదం కింద మందంగా, రెండు కొనలవైపు అతి పలుచగా చిత్రిక పడతారు. పాదం కింద సుమారు ఒక సెంటీమీటరు ఉన్న మందం కొనలకు వచ్చేసరికి రెండు మిల్లీమీటర్లకు దిగుతుంది. దానికి పైన, కింద రెజిన్‌లో తడిపిన గాజునార బట్ట, అడుగున జారుడు ప్లాస్టిక్ పలక, దాని అంచుల వెంట ఉక్కు పట్టీ వస్తాయి. వీటన్నింటినీ వంపు తిరిగిన అచ్చులో పెట్టి, రెజిన్ గట్టిపడేవరకు సమానమైన ఒత్తిడిలో ఉంచాలి. ఇంట్లో చేసుకునేవారు కొందరు ఇందుకు అగ్నిమాపక గొట్టంలో గాలి నింపి నొక్కుతారు, మరికొందరు ప్లాస్టిక్ సంచిలో పెట్టి గాలి పీల్చేస్తారు. చిత్రిక పట్టడంలో చేయి తడబడితే ఆ తరువాత ఎంత రెజిన్ పోసినా ప్రయోజనం లేదు. అంటే ఈ వస్తువు ప్రాణం మొత్తం వడ్రంగిపనిలోనే ఉన్నది. ఆ తండ్రిగారు ఇది గమనించారో లేదో మాకు తెలియదు.

బల్ల ముందు కూర్చునే ఇంజనీరు ఈ పనికి పూనుకోవడం కొత్త కూడా కాదు. అమెరికాలో విమానాల కర్మాగారంలో పనిచేసిన హోవర్డ్ హెడ్ 1947లో తొలిసారి మంచులో జారబోయి, బరువైన కర్ర స్కీలతో విసిగిపోయాడు. విమానాల తయారీలో వాడే పద్ధతిలో లోహపు రేకులతో స్కీలు చేశాడు. తొలి జతలన్నీ విరిగిపోయాయి. విరిగినవాటిని చూసి మళ్లీ చేశాడు, అవీ విరిగాయి. అమ్మకానికి నిలబడే జత 1950కి గాని రాలేదు. ఉద్యోగం మాని ఈ పనిలోకి దిగినప్పుడు ఆయన చేతిలో ఉన్న సొమ్ము పేకాటలో గెలిచినదట. ఆ ఒక్క విషయంలో మన అబ్బాయి ఆయనను అనుసరించనక్కర్లేదు.

ఇక తండ్రిగారి మాట. ఆయనను తప్పుపట్టడం తేలిక, మేము ఆ పని చేయబోము. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మనవారి ఎన్నో ఇళ్లు చేతిపని నుంచి కంప్యూటరు ముందున్న కుర్చీకి ఒక్క తరంలోనే దూకాయి. దూది ఏకే విల్లు అటకమీద ఏ మూల ఉన్నదో దూదేకులవారి పిల్లలకు నేడు తెలియదు. రంపపు పొట్టు పీల్చి తండ్రి రాత్రంతా దగ్గుతుంటే వింటూ పెరిగినవానికి, పని చేయించుకొని కూలి ఎగ్గొట్టిన గడపలు చూసినవానికి ఆ పనిముట్టు గతకాలపు అందమైన జ్ఞాపకం కాదు. అది మళ్లీ ఇంట్లోకి వచ్చిందంటే గుండె ఝల్లుమనడం సహజమే.

కానీ అదే రాయదుర్గంలో ప్రభుత్వం నెలకొల్పిన టీ-వర్క్స్ 2023 మార్చి 2న ప్రారంభమైంది. 78,000 చదరపు అడుగుల ఆ భవనంలో కలపకు, లోహానికి, మట్టికి, ఎలక్ట్రానిక్స్‌కు వేర్వేరు పనిశాలలున్నాయి. పట్టాలు పుచ్చుకున్న యువతీ యువకులు అక్కడ చెక్క కోస్తే దానిని సృజన అంటున్నాం. బోరబండ సందులో మేస్త్రి అదే చెక్క కోస్తే కూలిపని అంటున్నాం. లాడ్‌బజారు గాజుల సంగతీ అంతే. బొగ్గుల సెగపై లక్కను మెత్తబరచి, వేళ్లు కాలుతుండగా గుండ్రంగా మలచేవారు మన ఇళ్ల ఆడవారూ మగవారూనే. ఆ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అయినా గాజుల పనివాని ఇంటికి పిల్లనివ్వడానికి వెనుకాడే కుటుంబాలను మేము ఎరుగుదుము. లక్క కూడా ఒక రెజినే. అబ్బాయి తెచ్చుకున్న డబ్బాలోనిది కర్మాగారంలో పుట్టింది, ఇది చెట్టు కొమ్మమీద పురుగు పెట్టింది. తేడా అంతే.

హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) రాజై ఉండి కూడా తన చేతి కష్టంతోనే తిన్నారని హదీసులో ఉన్నది. కవచం అల్లేటప్పుడు కడియాలను సరైన కొలతతో కూర్చమని ఆయనకు ఆదేశం ఇవ్వబడినట్లు దివ్యఖుర్ఆన్‌లోని సబా సూరా తెలుపుతున్నది. పని చేయడంతో సరిపోదు, కొలత తప్పకూడదు. మేస్త్రిగారికి ఇది ఎవరూ చెప్పనవసరం లేకపోయి ఉంటుంది.

దుబారా అన్న ప్రశ్నకు మా సమాధానం సూటిగానే చెబుతాము. బజారులో కొనడంకంటే చవకగా పడుతుందని అబ్బాయి అంటుంటే నమ్మవద్దు. అచ్చు, పనిముట్లు, పాడైపోయే సరుకు కలుపుకుంటే తొలి జత ఖరీదైనదే అవుతుంది. ఇంటి ఖర్చుకు ఇవ్వవలసినది ఇచ్చి, అప్పు చేయకుండా, తన సంపాదనలో మిగిలినదానితో చేసుకుంటే వారించడానికి కారణం మాకు కనిపించలేదు. క్రెడిట్ కార్డుపై వడ్డీకి చేస్తుంటే మాత్రం ఈ రోజే ఆపించండి.

బాల్కనీలో చేయడానికి మాత్రం మేము ఒప్పుకోము. ఎపాక్సీ రెజిన్ చర్మానికి పదేపదే తగిలితే అలర్జీ పుట్టవచ్చు. ఒకసారి పుట్టిన అలర్జీ సాధారణంగా జీవితాంతం వదలదు. నైట్రైల్ చేతితొడుగులు తప్పనిసరి. గట్టి కలప పొట్టును క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చారు. అందుకే చెక్కను, గాజునారను అరగదీసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలదు, ధూళిని ఆపే మాస్కు ఉండాలి. పసిపిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో ఈ పని అసలే వద్దు. కలిపిన రెజిన్ లోతైన డబ్బాలో ఎక్కువసేపు నిలిస్తే దానంతట అదే వేడెక్కి పొగలు కక్కుతుంది. మన వేసవిలో అది మరీ తొందరగా బిగుసుకుంటుంది గనుక ఫజ్ర్ నమాజు కాగానే చల్లని వేళ మొదలుపెట్టి ముగించుకోవడం మంచిది. వానాకాలంలో చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, ఆరనిదే జిగురు పూయరాదు. పైఅంతస్తువారికి అభ్యంతరం ఉన్నప్పుడు పనిశాలకు వెళ్లడమే పొరుగువారి హక్కును కాపాడటం.

బూటును స్కీకి బిగించే కట్టు మాత్రం ఎవరూ ఇంట్లో చేయరాదు. పడినప్పుడు సకాలంలో ఊడి మోకాలిని కాపాడవలసిన యంత్రం అది. దానిని కొనాలి, తెలిసినవారిచేత బిగించుకోవాలి.

చివరగా, రెజిన్ డబ్బా మూత తీయకముందే చేయవలసిన పరీక్ష ఒకటి ఉన్నది. రెండు స్కీలూ ఒకేలా వంగకపోతే మనిషి ఒక పక్కకు లాగబడతాడు. రెండు నడిమి చెక్కలనూ ఒకదాని తరువాత ఒకటి, రెండు కొనలకింద ఇటుకలు పెట్టి నిలపాలి. పాదం వచ్చే చోట ఒకే బరువు, చెక్క తట్టుకునేంత చిన్న బియ్యం సంచి, ఉంచి నేలనుంచి ఎంత ఎత్తున ఆగిందో కొలవాలి. తక్కువ వంగినదానిని ఒక్కొక్క పొరగా చిత్రిక పట్టి మళ్లీ కొలవాలి. జిగురు పూశాక ఈ అవకాశం ఉండదు. ఎక్కడ ఎంత తీయాలో చెక్కను వేలితో తడిమి చెప్పగలవారు కావాలి. మేస్త్రిగారి ఇంట్లో పెరిగినవారికి ఆ తడిమే పద్ధతి కొంతైనా గుర్తుండాలి. అబ్బాయి వెళ్లి ఆయననే అడగాలి.