చెప్పు కరవదు మహాప్రభో!

మన తెలుగులో ఒక చిత్రమైన మాట ఉంది - "చెప్పు కరిచింది". కుక్క కరుస్తుంది, పాము కరుస్తుంది, సరే, వాటికి నోరుంది. చెప్పుకి నోరెక్కడిది? సరదా మాటే కదా అని వదిలెయ్యొచ్చు గానీ, నాకెందుకో మన ఆలోచనంతా ఈ మాటలోనే దాక్కుని ఉందనిపిస్తుంది. కుక్క కరిస్తే మన ఖర్మ. చెప్పు కరిచినా మన ఖర్మే! నాలుగు రోజులు కుంటితే అదే అలవాటవుతుంది. అంతే తప్ప ఎక్కడ కరిచింది, ఎందుకు కరిచింది అని అడిగిన పాపాన పోం.

ఇప్పుడీ గోలంతా ఎందుకంటే... మాది నర్సీపట్నం పక్కన బలిఘట్టం. వరాహ నది ఒడ్డున బ్రహ్మలింగేశ్వరస్వామి గుడి ఉన్న ఊరు. శివరాత్రికి తప్ప బయటివాళ్ళకి పెద్దగా గుర్తు రాదు. ఇంటి నుంచి పని పుణ్యమా అని నెలలో కొన్నాళ్ళు ఊళ్ళోనే ఉంటున్నాను, పొద్దున్నే పరుగెడుతున్నాను. నావి చదును పాదాలు. బూట్లలో ఆర్థోటిక్ ఇన్సోల్స్ వేసుకుని పరుగెడతాను. నాతోపాటు రోడ్డెక్కే కుర్రాళ్ళు మాత్రం నాలాగా పొట్ట తగ్గించుకోడానికి రావట్లేదు. వాళ్ళకి పోలీసు ఉద్యోగం కావాలి, లేదా ఆర్మీ. రెండింటికీ 1600 మీటర్ల పరుగు ఉంది. ఈ మధ్య వాళ్ళలో కొందరి బూట్లలోనూ ఇన్సోల్స్ కనబడుతున్నాయి. వాటితోపాటే అరికాళ్ళ నిండా బొబ్బలు.

బొబ్బలొచ్చిన కుర్రాడికి మన దగ్గర దొరికే సలహాలు రెండే రెండు.

ఒకటి, వీరుల సలహా: "బొబ్బ లెగిస్తే ఏటైపోద్దిరా, నాల్రోజులు అలాగే పరిగెట్టు, కాలే గట్టిపడిపోద్ది."

రెండోది, విరక్తుల సలహా: "నీకా ఇన్సోల్ పడలేదు, తీసి అవతల పారెయ్."

రెండూ తప్పే. బొబ్బ పౌరుషానికి పరీక్షా కాదు, ఇన్సోల్ చేసిన నేరమూ కాదు. కాలు, మేజోడు, ఇన్సోల్, బూటు - ఈ నాలుగూ ఒకదానికొకటి సరిగా కుదరలేదని చెప్పే సమాచారం అది. మా భాషలో చెప్పాలంటే ఎర్రర్ మెసేజ్. ఎర్రర్ మెసేజ్ వస్తే చదవాలి గానీ, దాన్ని భరించడం ప్రాక్టీసు చెయ్యకూడదు.

అసలు బొబ్బ ఎలా వస్తుంది? చాలామంది అనుకునేట్టు పైన రుద్దుకుని చర్మం అరిగిపోతే వచ్చేది కాదు. అలా అరిగితే దోక్కుపోవడం అంటాం, అది వేరు. పరుగులో అడుగు పడ్డప్పుడు లోపల ఎముక ముందుకి జరుగుతుంది. పైన చర్మం మాత్రం చెమటకి మేజోడుకి అతుక్కుని అక్కడే ఉండిపోతుంది. ఈ రెంటి మధ్య ఉన్న చర్మపు పొరలు అటూ ఇటూ సాగుతాయి. కొన్ని వందల అడుగుల తర్వాత ఆ పొరలు లోపలే విడిపోతాయి, ఆ ఖాళీలోకి నీరు చేరుతుంది. అదీ బొబ్బ. చర్మం పూర్తిగా పొడిగా ఉన్నప్పటికంటే కాస్త చెమ్మగా ఉన్నప్పుడే ఈ పట్టు ఎక్కువ. మన ఉక్కపోతలో పొడి కాళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి?

ఇప్పుడు ఇందులోకి ఇన్సోల్‌ని తీసుకొద్దాం. బూటుతోపాటే లోపల ఒక పల్చటి మెత్త వస్తుంది. దాన్ని తియ్యకుండా దాని మీదే కొత్త ఇన్సోల్ వేస్తే ఏమవుతుంది? పాదం పైకి లేస్తుంది. మడమ బూటు వెనక గోడలోంచి కాస్త బయటికొచ్చి, అడుగడుక్కీ పైకీ కిందకీ జారుతుంది: మడమ వెనక బొబ్బ. ముందువైపు ఎత్తు తగ్గి వేళ్ళు ఇరుకున పడతాయి: వేళ్ళ మీద బొబ్బ. ఇన్సోల్ వంపు మన పాదం వంపు కంటే ఎత్తుగా ఉన్నా, దాని అంచు గరుగ్గా ఉన్నా: అరికాలి లోపలి పక్కన బొబ్బ. ముప్పావు పొడుగు ఇన్సోల్ అయితే అది ఆగిపోయే చోట, సరిగ్గా వేళ్ళ వెనక, అడ్డంగా బొబ్బ. అంటే బొబ్బ ఎక్కడొచ్చిందో చూస్తే కారణం దాదాపు తెలిసిపోతుంది. లాగ్ ఫైల్ ఇంత వివరంగా రాసిపెట్టే సాఫ్ట్‌వేర్ నేనింతవరకూ చూళ్ళేదు :-)

మరి వీరుల సంగతి? వాళ్ళ మాటలో కొంత నిజం ఉందండి, కాదనను. చిన్న చిన్న ఒత్తిళ్ళు మెల్లమెల్లగా తగిలితే చర్మం మందమవుతుంది. కానీ అది బొబ్బ రానంత కాలం జరిగే పని. బొబ్బ వచ్చిందంటే ఆ కట్టడం కూలిందన్నమాట. దాని కింద వచ్చే కొత్త చర్మం లేతది, ఇంకా సులువుగా పోతుంది. పైగా కుంటుతూ పరుగెత్తేవాడు అడుగు వంకరగా వేస్తాడు, ఆ బరువు మోకాలి మీదకి పోతుంది. గట్టిపడటం కాదిది, విరగ్గొట్టుకోవడం.

"మా తాతలు చెప్పుల్లేకుండానే చింతపల్లి కొండలెక్కారు" అనేవాళ్ళూ ఉన్నారు. నిజమే, ఎక్కారు. పుట్టిన దగ్గర్నుంచీ నేల మీద నడిచిన కాలు అది. వారమంతా బూటులోనో చెప్పులోనో ఉండి, పొద్దున గంట సేపు పరుగెత్తే కాలుకీ దానికీ పోలికేంటి? ఈ వాదన చేసేవాళ్ళు తప్పకుండా అబెబె బికిలా పేరెత్తుతారు. 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్ ఉత్తికాళ్ళతో గెలిచిన ఇథియోపియా వీరుడు. అయ్యా, అక్కడ దొరికిన బూట్లు కాలికి కుదరకే ఆయన వాటిని వదిలేశాడని చెబుతారు. కుదరనిదాన్ని ఓర్చుకోలేదు, పక్కన పెట్టాడు! అదే మనిషి 1964లో టోక్యోలో బూట్లు వేసుకుని పరుగెత్తి, 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో ప్రపంచంలోనే అత్యుత్తమ సమయంతో మళ్ళీ గెలిచాడు. మనవాళ్ళు మొదటి సగం కథే చెబుతారు.

ఇంక అమ్మేవాళ్ళ సంగతి. నా అసలు కోపం వీళ్ళ మీదే. నేను ఇన్సోల్స్ కొన్న చోట (పేరెందుకు లెండి) పాదాన్ని పలక మీద నిలబెట్టి, కంప్యూటర్లో ఎరుపూ పసుపూ రంగుల బొమ్మ చూపించి, వేలకి వేలు బిల్లేశారు. ఆ ఇన్సోల్ ఏ బూటులోకి పోతుంది అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు! ఇది ఎలా ఉందంటే, మాడ్యూల్ విడిగా పనిచేస్తోందని టెస్టు చేసి, మిగతా ప్రోగ్రాంతో కలిపి చూడకుండా కస్టమర్‌కి పంపేసినట్టు. మా ఆఫీసులో ఎవరైనా అలా చేస్తే ఆ రాత్రి నిద్ర ఉండదు. వీళ్ళకి మాత్రం హాయిగా పడుతుంది, ఎందుకంటే బొబ్బలొస్తే "మీ కాలు సెన్సిటివ్ సార్" అనేస్తే సరి.

ఇంకో మాట కూడా చెప్పాలి. "ఇది వేసుకుంటే ఆరు నెలల్లో పాదానికి వంపు వచ్చేస్తుంది, మెడికల్‌లో పాసైపోతారు" అని ఈ కుర్రాళ్ళకి అంటగట్టేవాళ్ళున్నారు. చదును పాదం పోలీసు, ఆర్మీ నియామకాల్లో అనర్హత కింద రాసి ఉంటుంది కాబట్టి ఆ భయం మీద వ్యాపారం. ఇన్సోల్ వేసుకున్నంత సేపూ ఆసరా ఇస్తుంది, ఎదిగిన కాలుకి కొత్త వంపు మొలిపించదు. మెడికల్‌లో చూసేది ఉత్తి పాదాన్ని. నొప్పే లేని చదును పాదానికి సాధారణంగా ఇన్సోల్ అవసరం కూడా ఉండదు. ఈ ముక్క చెబితే బేరం పోతుంది కదా!

కాలికి తగ్గట్టు పాదరక్షని కుదర్చాలి అన్నది అమెరికా నుంచి దిగిన ఫ్యాషనూ కాదు. మన పక్కనే వెల్లూరులో, కరిగిరిలో, డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగులకి వైద్యం చేస్తూ ఒక సంగతి తేల్చాడు. వాళ్ళ పాదాలు రోగం వల్ల వాటంతటవే కుళ్ళిపోవట్లేదు. స్పర్శ లేకపోవడంతో ఒకే చోట పదే పదే పడే ఒత్తిడి తెలియక పుళ్ళు పడుతున్నాయి. మెత్తటి మైక్రో సెల్యులార్ రబ్బరు చెప్పులు వాడకంలోకి వచ్చింది ఆ ఆలోచన వల్లే. షుగరు ఉన్నవాళ్ళకి ఇవాళ డాక్టర్లు రాసే ఎంసీఆర్ చెప్పులు అవే. "అది వాళ్ళ ఖర్మ" అన్నచోట ఆయన చెప్పు వైపు చూశాడు. మనం చెయ్యాల్సిందీ అదే.

సరే, తిట్టడం అయింది. ఏం చెయ్యాలో కూడా చెప్పకపోతే నేనూ ఆ సలహాదారుల జట్టులోనే చేరతాను.

1. కొత్త ఇన్సోల్ వేసేముందు బూటులోని పాత మెత్త తీసెయ్యండి. అతికించి ఉంటే, ఊడిరాకపోతే, ఆ బూటు ఇన్సోల్‌కి పనికిరాదు.

2. బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పుడు పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. ఇన్సోల్‌ని, పరుగుకి వేసుకునే మేజోళ్ళని వెంట తీసుకెళ్ళండి. అవి వేసుకుని నిలబడ్డాక పొడుగైన వేలి ముందు బొటనవేలి మందం జాగా ఉండాలి. అవసరమైతే అర సైజు పెద్దది తీసుకోండి.

3. మొదటి రోజే పరుగు వద్దు. రోజుకో గంట నడకతో మొదలుపెట్టి, పెంచుకుంటూ పోయి, రెండు వారాల తర్వాత పరుగు.

4. బూటు మీద చీలమండ దగ్గర ఒక అదనపు కన్నం ఉంటుంది, అలంకారం కోసం కాదది. లేసుని అదే వైపు కన్నంలోకి దూర్చి చిన్న ఉచ్చు చేసి, అవతలి లేసుని అందులోంచి లాగి బిగిస్తే మడమ జారదు.

5. నూలు మేజోళ్ళు చెమటని పీల్చి పట్టుకుని కూర్చుంటాయి. పరుగుకి సింథటిక్‌వి మేలు. పల్చటివి రెండు జతలు వేసుకుంటే రాపిడి చర్మానికి కాక ఆ రెంటి మధ్యకి పోతుంది.

6. రోజూ మండే చోటు మీద పరుగుకి ముందే పేపర్ టేప్ వెయ్యండి, మందుల షాపులో మైక్రోపోర్ అని అడిగితే ఇస్తారు. స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు 128 మంది సుదూర పరుగు వీరుల మీద పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, టేపు వేసిన చోట బొబ్బలు 40 శాతం తగ్గాయి. వాజిలైను మాత్రం తక్కువ దూరానికే. గంటలు గడిచేకొద్దీ అది రాపిడిని పెంచుతుంది.

7. ఇన్సోల్ వంపు దగ్గరే బొబ్బ వస్తుంటే టేపులతో సర్దుకోవద్దు. చేసినవాడి దగ్గరికి తిరిగి తీసుకెళ్ళి అంచు అరగదీయించండి, ఎత్తు తగ్గించమనండి. డబ్బులిచ్చారు, అడగడం మీ హక్కు.

8. పరుగులో వేడిగా, మంటగా అనిపించిన క్షణమే ఆగండి. బొబ్బకి ముందొచ్చే హెచ్చరిక అది.

వచ్చేసిన బొబ్బ చిన్నదైతే పగలగొట్టకండి, ఆ పై చర్మాన్ని మించిన కట్టు లేదు. చీము, ఎర్రటి చారలు, జ్వరం కనబడితే ఆస్పత్రికి వెళ్ళాల్సిందే. అమెరికా అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ కొడుకు, పదహారేళ్ళ కుర్రాడు, 1924లో మేజోళ్ళు లేకుండా టెన్నిస్ ఆడి కాలికి బొబ్బ తెచ్చుకున్నాడు. అది విషమించి వారం రోజుల్లో చనిపోయాడు. అప్పటికి యాంటీబయాటిక్స్ లేవు, ఇప్పుడున్నాయి, నిజమే. కానీ షుగరు ఉండి కాళ్ళకి స్పర్శ తగ్గినవాళ్ళు ఈ సొంత వైద్యాలేవీ చెయ్యకూడదు, నేరుగా డాక్టర్ దగ్గరికే.

"ఒక బొబ్బకి ఇంత రాద్ధాంతమా?" అంటారా? నాకైతే కాదు. నాకు బొబ్బ వస్తే రెండు రోజులు పరుగు మానేసి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటాను, జీతం ఆగదు. ఆ కుర్రాళ్ళ లెక్క వేరు. మన రాష్ట్రంలో 6,100 కానిస్టేబుల్ పోస్టులకి 2022 నవంబరులో నోటిఫికేషన్ వచ్చింది. 2023 జనవరిలో ప్రిలిమ్స్ రాశారు. పరుగు పరీక్షలు మొదలయ్యేసరికి 2024 డిసెంబరు చివరికొచ్చింది. దాదాపు రెండేళ్ళు! అన్నాళ్ళూ ఏ పనిలోనూ కుదురుకోలేక, వయోపరిమితి దాటిపోతుందేమోనని లెక్కపెట్టుకుంటూ పరుగెత్తినవాడికి, సరిగ్గా ఆ వారంలో మడమ మీద బొబ్బ లేస్తే? ఎనిమిది నిమిషాలలోపు ముగించాల్సిన పరుగులో ఓ పది సెకన్లు చాలు. వాడికి ఇంకో పరుగు మళ్ళీ నోటిఫికేషన్ వచ్చాకే. అలాంటివాడితో "ఏటైపోద్దిరా" అనడానికి నోరెలా వస్తుందసలు?

పరుగు నేర్పుతామని వేలు వసూలు చేసే కోచింగ్ సెంటర్లు మొదటి రోజున ఒక్క గంట బూటు, మేజోడు, లేసు గురించి చెబితే ఏం పోతుంది? ఇన్సోల్ అమ్మేవాడు "బూటు తీసుకురండి" అన్న రెండు ముక్కలు అంటే ఏం అరిగిపోతుంది? ఓర్పు గొప్ప గుణమే. దాన్ని ఆఖరి నాలుగొందల మీటర్ల కోసం దాచుకోనివ్వండి. బూటులోనే ఖర్చు పెట్టించకండి.

కాదనేవాళ్ళుంటే రండి, వాదించుకుందాం. కాకపోతే ముందు మీ బూటులోంచి ఇన్సోల్ తీసి, దాని కింద ఇంకోటి ఉందేమో చూసుకుని మరీ రండి :-)