బరిలోకి దారి

2000వ సంవత్సరం సెప్టెంబరు 19వ తేదీన సిడ్నీ ఒలింపిక్ క్రీడోత్సవంలో రెండు సంఘటనలు జరిగాయి. ఒకటి మనకందరికీ తెలిసినదే. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస సమీపంలోని ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి, వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోల బరువునెత్తి కాంస్య పతకం గెలుచుకున్నది. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ వనితగా ఆమె చరిత్రకెక్కింది. రెండవ సంఘటన ఈతకొలనులో జరిగింది. ఆఫ్రికా ఖండంలోని ఈక్వటోరియల్ గినీ అనే చిన్న దేశం నుండి వచ్చిన ఎరిక్ ముసాంబానీ అనే యువకుడు 100 మీటర్ల ఈతపోటీలో ఒంటరిగా ఈదాడు. అతనితోపాటు బరిలో నిలవవలసిన ఇద్దరూ సంకేతానికి ముందే నీటిలోకి దూకి అనర్హులయ్యారు. ముసాంబానీ ఈత నేర్చుకొని అప్పటికి ఏడాది కూడా కాలేదు. సాధన చేసినది ఒక హోటలులోని చిన్న కొలనులో. 50 మీటర్ల పొడవున్న కొలనును అతడు చూడటం అదే ప్రథమం. ఆ పోటీలో మేటి ఈతగాళ్లు 48 సెకండ్లకు అటూ ఇటూగా ముగించే దూరాన్ని అతడు ఒక నిమిషం 52.72 సెకండ్లలో ముగించాడు. చివరి గజాలలో అతడు మునిగిపోతాడేమోనని చూచేవారు భయపడ్డారు. కొందరు నవ్వారు. చాలామంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

పతకం కథ పుస్తకాలకెక్కింది. ఈత కథ వినోదంగా మిగిలింది. అయితే కోసిగి వంటి ఊళ్లలో చదువుకొనే విద్యార్థులు ఆలోచించవలసిన అంశం రెండవ కథలోనే అధికంగా ఉన్నదని నా అభిప్రాయం.

ముసాంబానీ అక్కడికి ఎట్లా చేరాడు? ఎవరి సిఫారసుతోనో కాదు. శిక్షణ సదుపాయాలు లేని దేశాలకు కూడా క్రీడోత్సవంలో చోటుండాలని ఒలింపిక్ వ్యవస్థ ఒక నియమం పెట్టుకున్నది. పరుగుపందాలలోనూ ఈతలోనూ అది నేటికీ అమలులో ఉన్నది. దీనిని యూనివర్సాలిటీ స్థానం అంటారు. నిర్ణీత ప్రమాణాన్ని అందుకొన్న క్రీడాకారుడు ఒక్కడూ లేకపోయినా, ఆ దేశం తనవారిలో మేలైనవారిని పంపుకోవచ్చు. ఆ వచ్చినవారు తొలి దశలోనే వెనుదిరగవచ్చుగాక. బరిలో నిలబడే హక్కు మాత్రం వారికి దక్కుతుంది.

ఇది జాలితో వేసిన భిక్ష అని ఆక్షేపించేవారున్నారు. ప్రమాణాలు తగ్గిపోతాయని వారి వాదం. కాని భిక్షకూ నియమానికీ ఎంతో అంతరమున్నది. ఆ అంతరం తెలియాలంటే భారతంలో ఆదిపర్వాన్ని ఒకసారి తలచుకోవాలి. కౌరవ పాండవులు తమ అస్త్రవిద్యను ప్రదర్శించే రంగస్థలానికి కర్ణుడు వచ్చాడు. అర్జునుడు చేసినవన్నీ తానూ చేసి చూపాడు. ద్వంద్వ యుద్ధానికి సిద్ధపడ్డాడు. అప్పుడు కృపాచార్యుడు అడిగినది విలువిద్యను గూర్చి కాదు, కులాన్ని గూర్చి, రాజ్యాన్ని గూర్చి. రాజపుత్రునితో తలపడాలంటే ఒక రాజ్యం ఉండాలట! దుర్యోధనుడు ఆ క్షణంలోనే అతనికి అంగరాజ్యం కట్టబెట్టాడు. మనం సాధారణంగా ఇక్కడ దుర్యోధనుని ఔదార్యాన్నో, కర్ణుని కృతజ్ఞతనో మెచ్చుకొని ఊరుకొంటాము. కాని ఆ ఔదార్యానికి కర్ణుడు చెల్లించిన వెల ఎంత? బ్రతుకంతా ఆ ఋణానికి కట్టుబడి, అధర్మమని ఎరిగియు ఒక పక్షాన నిలిచి, చివరకు యుద్ధరంగంలో ప్రాణాలు విడిచాడు. ఒకరి దయతో తెరుచుకున్న ద్వారం అట్లాంటిది. ఇంతకూ ఆనాడు కర్ణునికి పోటీ దక్కనే లేదు. కులగోత్రాల విచారణ ముగిసేసరికి పొద్దు గూకింది.

ఇటువంటిదే ఒక కథ మన కాలంలోనూ నడిచింది. పసిఫిక్ సముద్రంలో నౌరు అనే ద్వీపదేశమున్నది. దాని వైశాల్యం 21 చదరపు కిలోమీటర్లు. జనాభా సుమారు 12 వేలు. మన కోసిగి మండలంలో అంతకంటె ఎన్నో రెట్లు జనమున్నారు. ఆ దేశపు మార్కస్ స్టీఫెన్ 1990లో ఆక్లండ్ కామన్వెల్త్ క్రీడలలో వెయిట్‌లిఫ్టింగ్‌లో స్వర్ణం గెలిచాడు. రెండేళ్ల తరువాత బార్సిలోనా ఒలింపిక్స్‌కు వెళ్లదలచినప్పుడు, నౌరుకు ఒలింపిక్ వ్యవస్థలో సభ్యత్వమే లేదని తేలింది. బాహుబలమున్నది, బరువులెత్తే నేర్పున్నది. లేనిది రాజ్యమే. అందువల్ల అతడు సమోవా పౌరసత్వం తీసుకొని ఆ దేశం పక్షాన పోటీచేశాడు. 1994లో నౌరుకు గుర్తింపు లభించిన తరువాత, 1996లో అట్లాంటాలో స్వదేశపు పతాకం కింద నిలిచాడు. ఈ అభినవ కర్ణునికి ఎవరి కొలువులోనూ ఋణం తీర్చుకోవలసిన అగత్యం కలుగలేదు. 2007 నుండి 2011 వరకు అతడే నౌరు దేశాధ్యక్షుడు.

చిన్న దేశాలు కేవలం పాల్గొని పోతాయనుకోవడం కూడా పొరపాటే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మహిళల 100 మీటర్ల పరుగును 10.72 సెకండ్లలో గెలిచిన జూలియన్ ఆల్‌ఫ్రెడ్‌ది సెయింట్ లూసియా. ఆ దేశ జనాభా ఇంచుమించు మన ఆదోని పట్టణమంత. అదే క్రీడోత్సవంలో ట్రిపుల్ జంప్‌లో స్వర్ణం సాధించిన థియా లాఫాండ్ దేశమైన డొమినికా ఆదోనిలో సగం కూడా ఉండదు. నూట నలభై కోట్ల జనమున్న మన దేశం పారిస్‌లో ఒక రజతం, ఐదు కాంస్యాలు పొందింది. ఈ లెక్క చూపి సిగ్గుపడుమని చెప్పడం నా ఉద్దేశం కాదు. తలసరి పతకాల గణనలో నాకు పెద్దగా నమ్మకం లేదు. ఒక ద్వీపంలోని ఆడపిల్ల పరుగెత్తగలదని లోకానికి తెలిసే మార్గమొకటి ఉన్నది. మన పల్లెలోని ఆడపిల్లకు అట్లాంటి మార్గమేదని మాత్రమే నా ప్రశ్న.

పెద్ద దేశంలో పుట్టినవారికి ప్రమాణమొక్కటే దిక్కు. విశాఖపట్నం యువతి జ్యోతి యర్రాజి కథ చూడండి. తండ్రి కాపలాదారు. తల్లి ఇళ్లలోనూ ఆసుపత్రిలోనూ పనిచేసి సంసారాన్ని ఈడ్చింది. 100 మీటర్ల హర్డిల్స్‌లో పారిస్‌కు నేరుగా అర్హత పొందాలంటే 12.77 సెకండ్లలో పరుగు ముగించాలి. జ్యోతి 2023 ఆగస్టులో చైనాలోని చెంగ్డూ నగరంలో 12.78లో ముగించింది. 2024 మే నెలలో ఫిన్లాండులో మళ్లీ 12.78. సెకండులో నూరవ వంతు! కనురెప్ప వాల్చడానికి పట్టే కాలం దానికి ఎన్నో రెట్లు. చివరకు ప్రపంచ ర్యాంకుల బలంతో, ఆ పోటీలోని 40 మందిలో ఒకతెగా ఆమె పారిస్ చేరింది. ఒలింపిక్స్‌లో ఆ పందెంలో నిలిచిన తొలి భారతీయురాలు ఆమె. అక్కడ తొలి పరుగులో 13.16, రెండవ అవకాశంలో 13.17 సెకండ్లు తీసుకొని వెనుదిరిగింది. పత్రికలు ఆ ఓటమిని రెండు వాక్యాలలో ముగించాయి. ఆ నూరవ వంతు సెకండు వెనుక ఎన్ని సంవత్సరాల సాధన ఉన్నదో రెండు వాక్యాలలో ఇముడుతుందా?

జ్యోతి నగరంలో పుట్టింది. అక్కడ మైదానమున్నది, పరుగును గుర్తించే కళ్లున్నాయి. ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాము. తుంగభద్ర ఎంతో దూరాన లేకున్నా ఇక్కడి సేద్యమంతా అధికంగా వానమీదనే ఆధారపడినది. వాన మొగం చాటేస్తే పత్తీ వేరుశనగా ఎండిపోతాయి. పండిన ఏట కూడా ఆ రాబడి సంవత్సరమంతటికీ చాలదు. కనుక దసరా, దీపావళి పండుగలు గడచినవో లేదో మూటాముల్లె కట్టుకొని కుటుంబాలు బయలుదేరుతాయి. దీనిని సుగ్గికి పోవడమంటారు. గుంటూరు ప్రాంతపు మిరప చేలకు, తెలంగాణలోని పత్తి చేలకు వెళ్లినవారు చాలామంది ఉగాదికి గాని తిరిగిరారు. పెద్దలతోపాటు పిల్లలూ వెళతారు. తరగతిలో హాజరుపట్టీ పిలిచేటప్పుడు ఆ నెలలలో వరుసగా వినిపించే మౌనం ఎట్లాంటిదో ఇక్కడ పాఠం చెప్పిన ప్రతి అధ్యాపకునికీ ఎరుకే.

విద్యార్థుల క్రీడాపోటీలు మండలం నుండి జిల్లాకు, జిల్లా నుండి రాష్ట్రానికి మెట్టుమెట్టుగా సాగుతాయి. పై మెట్లు వచ్చేసరికి శీతకాలం ప్రవేశిస్తుంది. మండలంలో మొదట వచ్చిన బాలిక పేరు జాబితాలో ఉంటుంది, బాలిక మాత్రం మిరప చేలో ఉంటుంది. ఆమెను అనర్హురాలని ఎవరూ అనలేదు. కృపాచార్యునివలె కులం అడిగినవారూ లేరు. పొద్దు మాత్రం గూకింది.

ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ లేకపోలేదు. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామానికి చెందిన జీవాంజి దీప్తి వ్యవసాయ కూలీల బిడ్డ. పుట్టుకతో వచ్చిన మేధాపరమైన వైకల్యాన్ని చూచి ఊరివారు చిన్ననాట హేళన చేశారు. కుటుంబం తనకున్న కొద్దిపాటి భూమినీ అమ్ముకోవలసి వచ్చింది. పాఠశాలలో ఆమె పరుగును ముందుగా ఒక వ్యాయామోపాధ్యాయుడు, తరువాత శిక్షకుడు నాగపురి రమేశ్ గుర్తించారు. 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లను 55.07 సెకండ్లలో పరుగెత్తి అప్పటి ప్రపంచ రికార్డును నెలకొల్పింది. అదే సంవత్సరం సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. బహుమతి ధనంతో ఆ కుటుంబం మళ్లీ భూమి కొనుక్కున్నది. మన కర్నూలుకు చెందిన షేక్ జాఫ్రీన్ వినికిడి లేని క్రీడాకారులకు జరిపే డెఫ్లింపిక్స్‌లో, 2022లో బ్రెజిల్‌లో, టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యం సాధించింది. ఈ కథలు విని సంతోషిస్తాము, సంతోషించాలి కూడా. అయితే ఆ నాడు ఆ వ్యాయామోపాధ్యాయుడు మైదానంలో లేకపోయి ఉంటే? శిక్షకుని కన్ను మరొక దిక్కున ఉండి ఉంటే? దీప్తికి దక్కినది సజ్జనుల దయ, అదృష్టం. నౌరుకు దక్కినది నియమం. మన పల్లెలకు అదృష్టం సరిపోదు.

ప్రతిభ ఉన్నచోటనే ధనం వెచ్చించాలి, అందరికీ పంచితే వృథా అవుతుందని పెద్దలు కొందరంటారు. ప్రతిభ ఎక్కడున్నదో ముందే తెలిసినవారు చెప్పే మాట ఇది. విజయనగరం జిల్లాలోని కొండవెలగాడ చిన్న గ్రామం. అక్కడ ఇనుప కమ్మీ, బరువుల పళ్లాలు ఊరికి అలవాటయ్యాయి గనుక తరతరాలుగా వెయిట్‌లిఫ్టర్లు పుట్టుకొస్తున్నారు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో పతకం గెలిచిన మత్స సంతోషిది ఆ ఊరే. 2018లో గోల్డ్‌కోస్ట్‌లో స్వర్ణం సాధించిన రాగాల వెంకట్ రాహుల్‌ది స్టువర్టుపురం. ఆంగ్లేయుల పాలనలో నేరస్థుల ముద్ర వేసి కొన్ని కుటుంబాలను తెచ్చి నిర్బంధించిన ఊరది. ప్రతిభను వెదకడానికి అక్కడికి ఎవరు పోయి ఉండేవారు?

ముసాంబానీ తరువాతి కాలంలో తన దేశపు ఈత జట్టుకు శిక్షకుడయ్యాడు. ఒకప్పుడు హోటలు కొలను తప్ప దిక్కులేని ఆ దేశంలో ఒలింపిక్ పరిమాణపు కొలనులు వెలిశాయి. నవ్వినవారి పేర్లు ఎవరికీ గుర్తులేవు.

మన జిల్లాలో చేయవలసినది అంత కష్టమైనదేమీ కాదు. ప్రతి మండలం నుండి ఒక బాలుడు, ఒక బాలిక, వారి కాలమెంతైనా సరే, జిల్లా స్థాయి పరుగులో నిలిచే నియమముండాలి. వారి ప్రయాణానికి, భోజనానికి అయ్యే ఖర్చును ఆ నియమంలోనే చేర్చాలి. కన్నవారి చేతికి కూలి డబ్బు రాని రోజున పిల్లలు బస్సెక్కలేరు. వలస కుటుంబాల పిల్లలకోసం నడిపే కాలానుగుణ వసతి గృహాలలో చదువుతోపాటు ఉదయం ఒక గంట ఆటకూ చోటుండాలి. అన్నింటికంటె ముందుగా, ఎంపిక పోటీలన్నీ దసరాకు ముందే, ఊరిలో పిల్లలు ఉన్నప్పుడే ముగియాలి. పంచాంగంలో తేదీ మార్చడానికి ప్రత్యేక నిధులేవీ అవసరం లేదు.