జీవో నంబరు లేని ఆవేశం

పాఠకుణ్ని ఒప్పించాలంటే ముందు అతని గుండె పిండాలి, తేదీలూ లెక్కలూ రాస్తే ఆవలిస్తాడు అని రచన నేర్పేవాళ్లు ఢంకా బజాయిస్తున్నారు. ఈ మాటను మిగతావాళ్లు నమ్మినా ఓరుగల్లు నమ్మకూడదు. అర్థశాస్త్రం చదివి, ఇక్కడి కాకతీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా చేసిన ప్రొఫెసర్ జయశంకర్ ప్రత్యేక తెలంగాణ రాష్ట్ర వాదాన్ని నీళ్లు, నిధులు, నియామకాల లెక్కల మీద నిలబెట్టారు. ఒక్క నియామకాల సంగతే చూడండి. ‘మా కొలువులు కొల్లగొట్టారు’ అని రాస్తే అప్పటికే మండుతున్నవాడు తలూపుతాడు, అనుమానం ఉన్నవాడు పేజీ తిప్పేస్తాడు. 1985 డిసెంబరు 30న సర్కారే 610 నంబరు జీవో ఇచ్చింది. అప్పట్లో వరంగల్ ఉన్న అయిదో జోన్‌లో, ఆరో జోన్‌లో నిబంధనలు తప్పి చేరిన స్థానికేతరులను 1986 మార్చి 31లోగా వాళ్ల జోన్లకు పంపేయాలని అందులో ఉంది. గడువు దాటి పదిహేనేళ్లయ్యాక, 2001లో, అదే సంగతి తేల్చడానికి గిర్‌గ్లానీ కమిషన్ వేయాల్సి వచ్చింది. ఇంత చెప్పాక కాదనదలచినవాడు సర్కారు సంతకాన్నే కాదనాలి. అంతకుముందు సురవరం ప్రతాపరెడ్డి చేసిందీ ఇదే. తెలంగాణలో కవులు లేరన్న మాటకు ఆయన 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చువేశారు.

మరి ఉద్యమంలో జనాన్ని కదిలించింది పాటలే కదా, కవి కాళోజీ గొడవంతా ఆవేశమే కదా అంటారు. నిజమే. అయితే పాట వినేవాడు పదిమంది మధ్య ఉంటాడు, వాళ్ల ఊపు అతనికీ అంటుతుంది. వ్యాసం చదివేవాడు ఒంటరివాడు. నచ్చని వాక్యం దగ్గర ఆగి, వెనక్కి వెళ్లి మళ్లీ చదువుతాడు. ఆ రెండో చదువుకు నిలిచేది ఆధారమే. ఇక కాళోజీ కోపానికీ ప్రతిసారీ ఒక ఫలానా అన్యాయం కారణంగా ఉండేది, గాలిలోంచి పుట్టలేదు. లెక్కలూ అబద్ధమాడతాయి కదా అనేవాళ్లకూ జవాబుంది: తప్పుడు లెక్కను ఇంకో లెక్కతో పట్టుకోవచ్చు, దొంగ ఏడుపును దేనితో కొలుస్తాం?

సెప్టెంబరు 9న కాళోజీ పుట్టినరోజు పేరిట వ్యాసరచన పోటీలు పెట్టే హనుమకొండ, వరంగల్ కళాశాలలకు ఒక మనవి. ఈసారి ఒక్క తేదీ, ఒక్క ఉత్తర్వు కూడా చూపని వ్యాసానికి, అది ఎంత కన్నీరు పెట్టించినా సరే, బహుమతి ఇవ్వకండి.