పరాయి దేశమున అపరాధ పరిశోధన

పెబ్బేరు శనివారపు సంతకు ఎద్దులను కొనవచ్చిన రైతు తొందరపడి బేరమాడడు. పండ్లు చూచును, సుళ్లు చూచును, నాలుగడుగులు నడిపించి చూచును. అమ్మువాడు చెప్పిన వయస్సును ఎద్దు పండ్లు చెప్పు వయస్సుతో పోల్చుకొనును. రెండును పొసగనిచో మారు మాటాడక పక్క జతకడకు పోవును. అపరాధ పరిశోధక నవలలో కథానాయకుడు చేయు పనియు ఇదియే. మనిషి చెప్పినదానిని వస్తువు చెప్పినదానితో సరిచూచుటకు పోలీసు ఉద్యోగము అక్కరలేదు.

ఈ సంగతిని ఆధారముగా గొని ఆంగ్లమున ఒక తేలిక తరహా హత్యాకథ నేడు విశేష ప్రచారము పొందియున్నది. అందు హత్య జరుగును గాని నెత్తురు పుటలపై చిందదు. పరిశోధించువాడు వృత్తి పరిశోధకుడు కాడు. పూటకూళ్లు నడుపువాడో, ఉద్యోగము విరమించిన వృద్ధురాలో అయియుండును. రిచర్డ్ ఆస్మన్ 2020లో ప్రకటించిన నవలలో వృద్ధుల నివాసమందలి నలుగురు కూడి హత్యల గుట్టు విప్పుదురు. 2025లో అది చలనచిత్రముగా వచ్చినది. ఈ తరహాలోనే మరొక శాఖ కలదు. అందు పరిశోధకుడు స్వదేశము విడిచి పరాయి ఊరిలో కాపురమున్నవాడు. ఇయాన్ మూర్ 2021లో ప్రకటించిన నవలలో ఫ్రాన్సు దేశపు లోయిర్ లోయలో బస గృహము నడుపు ఒక ఆంగ్లేయుడు, తన అతిథి మాయమగుటచే, ఇష్టము లేకయే ఈ పనిలో దిగును.

పరాయివానిని ఏల ఎన్నుకొనవలెను? దీనికి సమాధానము అగాథా క్రిస్టీ నాడే దొరకినది. మొదటి ప్రపంచ యుద్ధకాలమున బెల్జియము నుండి కాందిశీకులు ఆమె స్వస్థలమైన టార్కీ పట్టణమునకు వచ్చి చేరిరి. ఆమె అచ్చటి ఆసుపత్రి మందుల శాలలో పనిచేయుచు విషముల గుణములు నేర్చుకొనెను. ఆ రెండింటి కలయికయే 1920లో వెలువడిన ఆమె తొలి నవల. అందలి పరిశోధకుడు హెర్క్యూల్ పోయిరో. అతడు విశ్రాంత పోలీసు ఉద్యోగి గనుక అచ్చమైన ఔత్సాహికుడు కాడు. అయినను అతని బలము పూర్వపు ఉద్యోగములో లేదు, పరాయితనములో ఉన్నది. అతని మీసము చూచి, ఉచ్చారణ విని ఆ ఊరివారు నవ్వుకొందురు. నవ్వుచు నోరు జారుదురు. భూతద్దముకంటె ఆ మీసమే మేలైన పనిముట్టనవచ్చును. ఊరివారి కంటికి అలవాటు పొరవలె కమ్మియుండును. కొత్తవానికి మాత్రమే ప్రతి తలుపును, ప్రతి వేళయు ప్రశ్నగా కనిపించును.

ఇక తెలుగు సంగతి. అపరాధ పరిశోధన మనకు కొత్త కాదు. మొదట వంగభాష నుండి అనువాదములు వచ్చినవి. పిమ్మట కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌కై పాఠకులు ఎదురుచూచిరి. మల్లాది వెంకటకృష్ణమూర్తి ‘చంటబ్బాయ్’ 1986లో జంధ్యాల చేతిలో నవ్వుల చిత్రమైనది. 2019లో నెల్లూరి ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ తెరకెక్కెను. తెలుగువానికి తటాలున స్ఫురించు పేర్లివి; వీరందరును ఇచ్చటివారే. కాని తెలుగువాడు ఇచ్చటనే నిలిచియుండలేదు. 2010కిని 2017కిని నడుమ అమెరికాలో ఇంట తెలుగు మాటాడువారి సంఖ్య నూటికి 86 వంతున పెరిగినది. ఇందరు పరాయివారుండగా పేరొందిన పరాయి పరిశోధకుడొకడు మనకు ఏల లేడు?

తీరిక లేమి ఒక కారణము కావచ్చును. అసలు కారణము వేరు. పరదేశ మరణము తెలుగింటికి తేలిక విషయము కాదు. ఇటీవలి యేండ్లలో అమెరికాలో తెలుగు విద్యార్థుల మరణవార్తలు, అందు కొన్ని తుపాకి కాల్పుల వార్తలు, పత్రికలలో మరల మరల వచ్చినవి. 1963 నాటి వియన్నా ఒడంబడిక 37వ అధికరణము ప్రకారము విదేశీయుడు మరణించినచో ఆ దేశాధికారులు జాప్యము లేక అతని దేశపు కాన్సులేటుకు తెలుపవలెను. ఆ పిమ్మట మరణ ధ్రువపత్రము, దేహమును చెడకుండ భద్రపరచినట్లు పత్రము, రద్దు చేసిన పాస్‌పోర్టు సమకూడవలెను. ఇవి దేహము ఇల్లు చేరుటకు దారి చూపును గాని, ప్రాణమెట్లు పోయినదో చెప్పవు. విచారణ ఆ దేశపు పోలీసులది. భారతీయ పౌరుడు విదేశమున చేసిన నేరమును, కేంద్ర ప్రభుత్వ అనుమతితో, ఇచ్చట విచారించుటకు భారతీయ నాగరిక సురక్షా సంహిత 208వ సెక్షను వీలు కల్పించుచున్నది. చంపినవాడు విదేశీయుడై, చనిపోయినవాడు మనవాడైనచో ఆ సెక్షను అక్కరకు రాదు. నవల చివర అందరును ఒక గదిలో కూర్చుండి కారణము విందురు. కన్నవారికి అట్టి గది దొరకుట అరుదు.

ఇందుచేత ఈ తరహా కథ మనకు పనికిరాదనుట పొరపాటు. ఆత్రేయ చిత్రము రైలు పట్టాల వెంట పడియున్న అనాథ శవముల చుట్టును తిరుగును. అయినను ప్రేక్షకుడు నవ్వును. అతడు నవ్వునది పరిశోధకుని డాబును చూచి గాని శవమును చూచి కాదు. ఈ భేదము తెలిసిన రచయిత చేతికి పరదేశపు తెలుగు విద్యార్థి మంచి పాత్రమగును. నలుగురితో గది పంచుకొని, వంతుల వారీగా వండుకొను ఆ కుర్రవాడు, అచ్చటి పోలీసులు చదువలేని తెలుగు చీటిని చదువగలడు. ఎవరి వంతునాడు అన్నము మిగిలిపోయినదో చెప్పగలడు. అయితే లోయిర్ లోయలోని ఆంగ్లేయునకు లేని భయమొకటి ఇతనికి కలదు. 2025 వసంతమున అమెరికాలో వేలాది విదేశీ విద్యార్థుల నమోదులు ఒక్కపెట్టున రద్దయినవి. కొందరి విషయమున చిన్న పోలీసు కేసులే కారణములు. వ్యాజ్యములు నడచిన పిదప అవి మరల పునరుద్ధరింపబడెను. అట్టిచోట పోలీసుల యెదుటికి పోయి “నాకొక అనుమానమున్నది” అని చెప్పుటకే గుండె కావలెను. కథకు బిగువు ఇచ్చటనే వచ్చును. దానికై మరి రెండు హత్యలు చేర్చనక్కరలేదు.

ఆధారములకును కొదువ లేదు. వేసవిలో చికాగోలో ఉదయము ఏడున్నర అగునప్పుడు పెబ్బేరులో సాయంత్రము ఆరు. నవంబరు మొదటి ఆదివారమున అమెరికాలో గడియారములను ఒక గంట వెనుకకు త్రిప్పుదురు. నాటినుండి అదే ఏడున్నరకు పెబ్బేరులో ఏడు. ఆ ఆదివారమే చికాగోలో ఒక హత్య జరిగినదనుకొందము. అనుమానితుడు, తాను ఉదయము ఏడున్నరకు గదిలోనే ఉండి, ఎప్పటివలెనే పెబ్బేరులో ఆరు గంటలు కొట్టువేళ తండ్రితో మాటాడితినని చెప్పును. వేసవి లెక్క తెలిసిన పోలీసు అధికారి తల యూపి వ్రాసికొనును. వారము వారము ఇంటికి ఫోను చేయు గదిలోని కుర్రవాడు మాత్రము తల యూపడు. నాడు తండ్రి ఫోనులో ఆరు గంటలకు పిలుపు నమోదై యున్నచో, చికాగోలో అప్పటికి ఇంకను ఆరున్నరయే.